ట్యూబు మార్చే ముందు టైరు లోపల తుడవండి

చెన్నైలో తెల్లవారుజామున ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద మహాబలిపురం వైపు సైకిలు తొక్కేవారికి పంక్చర్ కొత్త కాదు గానీ, ట్యూబు మార్చిన పది నిమిషాలకే మళ్లీ గాలి దిగిపోవడం మాత్రం ఒళ్లు మండించే విషయం. పగిలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఉక్కు తీగ ముక్క మన టైరులోనే గుచ్చుకుని ఉండిపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం. టైరు ఎక్కించేటప్పుడే దాని మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు పక్కకు వచ్చేలా అమర్చుకుంటే, పంక్చరైన ట్యూబులో కాస్త గాలి కొట్టి, చిల్లు వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూసి, టైరులోనూ వాల్వు చోటుకు ఇరువైపులా అంతే దూరంలో వెతకవచ్చు. వేళ్లతో తడిమితే తెగుతాయి (నా బొటనవేలే సాక్షి). పాత నూలు గుడ్డతో లోపల తుడిస్తే, తీగ ఉన్నచోట దారం చిక్కుకుని ఆగుతుంది. దానిని నెయిల్ కట్టర్‌తో పట్టి లాగేయవచ్చు.