శాన్ స్విచ్‌లో రూట్లు చూసే ముందు జాగ్రత్తలు

శాన్ అంటే సర్వర్లను స్టోరేజ్‌తో కలిపే నెట్‌వర్క్. అందులోని బ్రొకేడ్ ఫైబర్ ఛానెల్ స్విచ్‌లో టోపాలజీషో (రూట్లు చూపే కమాండ్) కొడితే ట్రాఫిక్ ఏమీ ఆగదు. భయపడాల్సింది దాని పక్కనుండే కమాండ్ల గురించే.

• చూడటానికే అయితే యూజర్ రోల్ అకౌంట్ చాలు. అడ్మిన్‌తో లాగిన్ కావద్దు.

• సెషన్ లాగ్ ఆన్ చేయండి.

• ప్రాంప్ట్‌లో స్విచ్ పేరు రెండుసార్లు చదవండి. ఎ, బి ఫ్యాబ్రిక్‌లు (స్విచ్‌లతో కట్టిన రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు) తారుమారు కావడం చాలా తేలిక. వర్చువల్ ఫ్యాబ్రిక్స్ (ఒకే స్విచ్‌ను కొన్ని లాజికల్ స్విచ్‌లుగా విడగొట్టడం) ఉంటే ఎఫ్‌ఐడీ (ఫ్యాబ్రిక్ నంబర్) కూడా చూడండి. డిఫాల్ట్ 128. వేరే లాజికల్ స్విచ్‌లో ఉంటే మీరు వెతికే రూట్ కనిపించదు, అనవసరంగా టెన్షన్.

• ఫ్యాబ్రిక్‌లోని స్విచ్‌లను చూపే ఫ్యాబ్రిక్‌షో కమాండ్‌తో డొమైన్ ఐడీలు (ఒక్కో స్విచ్‌కు ఉండే నంబర్లు) ముందే రాసుకోండి. రూట్లన్నీ ఆ నంబర్ల మీదే నడుస్తాయి.

• ఏపీటీపాలసీ (రూటింగ్ పాలసీని చూపే, మార్చే కమాండ్) దగ్గర అత్యంత జాగ్రత్త. ఒట్టిగా కొడితే ప్రస్తుత పాలసీ చూపిస్తుంది. వెనక 1 లేదా 3 పెడితే మార్చమన్నట్టే. ఆ మార్పుకు స్విచ్‌నే డిసేబుల్ చేయాలి, అంటే సర్వర్లకు ఆ వైపు దారులన్నీ పోతాయి. పగటిపూట దాని జోలికి వెళ్లకండి.

• పొడవాటి దారి జాబితాలో లేదని లింక్ పాడైందనుకోవద్దు. ఎఫ్‌ఎస్‌పీఎఫ్ (స్విచ్‌లు దారులు ఎంచుకునే ప్రోటోకాల్) తక్కువ ఖర్చు దారులనే ఎంచుకుంటుంది. లింక్ ఉందో లేదో ఐఎస్‌ఎల్‌షో (స్విచ్‌ల మధ్య లింక్‌లను చూపే కమాండ్)లో చూడండి.