కెర్నెల్ మార్చే ముందు పాపి, లిబ్‌పీఎఫ్ఎం4 విషయంలో జాగ్రత్తలు

సర్వర్లో లినక్స్ కెర్నెల్ అప్‌గ్రేడ్ చేయబోతున్నా, కొత్త ప్రాసెసర్ ఉన్న మెషీన్‌కి కోడ్ తరలించబోతున్నా, హార్డ్‌వేర్ కౌంటర్లు (ప్రాసెసర్ లోపల జరిగే పనుల్ని లెక్కపెట్టేవి) చదివే పాపి (PAPI), లిబ్‌పీఎఫ్ఎం4 (libpfm4) లైబ్రరీల సంగతి ముందే చూసుకోండి. ఎర్రర్ ఇచ్చి ఆగిపోతే పెద్ద టెన్షన్ లేదు. గుట్టుగా తప్పు లెక్క ఇచ్చిందంటేనే చిక్కు.

పాత సెటప్ బాగా పనిచేస్తున్నప్పుడే పాపి_వెర్షన్ (పాపి వెర్షన్ చూపేది), పాపి_అవైల్ (ఏ ఈవెంట్లు దొరుకుతాయో, అంటే ఏ పనుల్ని లెక్కపెట్టొచ్చో చూపేది) కమాండ్ల అవుట్‌పుట్ ఒక ఫైల్లో దాచుకోండి. రేపు పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

ఏ ప్రాసెసర్‌లో ఏ ఈవెంట్‌కి ఏ కోడ్ వాడాలో చెప్పే పట్టికలు లిబ్‌పీఎఫ్ఎం4లో ఉంటాయి. పాపి దాని కాపీ ఒకటి వెంట తెచ్చుకుంటుంది. మీ పాపి విడుదలయ్యాక వచ్చిన చిప్ అయితే ఆ పట్టికల్లో దాని ఊసే ఉండకపోవచ్చు. అప్పుడు పాపి_అవైల్‌లో వరసంతా 'నో' అనే కనిపిస్తుంది. కాబట్టి వెర్షన్ ఎంచుకునేటప్పుడు కెర్నెల్ కన్నా ముందు ప్రాసెసర్ మోడల్ చూడండి. అలాగని కొత్తది వేస్తే అన్నీ వచ్చేస్తాయనీ కాదు. ఇంటెల్ హాస్వెల్‌లో ఫ్లోటింగ్ పాయింట్ ఆపరేషన్లను సరిగ్గా లెక్కపెట్టే ఈవెంట్లు చిప్‌లోనే లేవు, ఏ పాపి ఏం చేస్తుంది?

కౌంటర్లు చదవడానికి కెర్నెల్‌కి పెర్ఫ్‌సీటీఆర్, పెర్ఫ్‌మాన్2 ప్యాచ్‌లు వేయమనే పాత సూచనలు కనబడితే వదిలేయండి. 2009లో వచ్చిన 2.6.31 నుంచి కౌంటర్ల సదుపాయం కెర్నెల్‌లోనే ఉంది.

ఎక్కువమంది దెబ్బతినేది మెషీన్లో పాపి రెండు కాపీలు ఉన్న దగ్గర. డిస్ట్రో ప్యాకేజీ ఒకటి, చేత్తో బిల్డ్ చేసుకున్నది ఇంకొకటి. కంపైల్ ఒకదాని హెడర్‌తో, రన్ మరోదాని లైబ్రరీతో! ఎల్‌డీడీ (ldd) కమాండ్‌తో ప్రోగ్రామ్ ఏ ఫైలును పట్టుకుంటోందో చూడండి. పాపి_లైబ్రరీ_ఇనిట్ తిరిగిచ్చే విలువను హెడర్‌లో ఉండే వెర్షన్ విలువ పాపి_వీఈఆర్_కరెంట్‌తో పోల్చే లైను మీ కోడ్‌లో లేకపోతే ఇవాళే రాయండి.

రీబూట్ అయ్యాక పెర్ఫ్_ఈవెంట్_పారనాయిడ్ (మామూలు యూజర్లు కౌంటర్లను ఎంతవరకు చదవొచ్చో చెప్పే కెర్నెల్ సెట్టింగ్) విలువ మళ్లీ డీఫాల్ట్‌కి పోయి ఉండొచ్చు. సిస్‌సీటీఎల్ కాన్ఫిగ్ ఫైల్లో రాసి పెట్టకపోతే పోతుంది కూడా. ఎన్ఎంఐ వాచ్‌డాగ్ (సిస్టమ్ బిగుసుకుపోయిందేమో కనిపెట్టే కెర్నెల్ సదుపాయం) ఆన్‌లో ఉంటే ఒక కౌంటర్ దాని కిందే పోతుంది. నిన్న ఒకేసారి చదివిన ఈవెంట్లు ఇవాళ కుదరకపోతే ముందు దాన్నే చూడండి.

చివరగా, కోటిసార్లు తిరిగే చిన్న లూప్‌ని ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసి, యూజర్ మోడ్ ఇన్‌స్ట్రక్షన్ల లెక్క పాపితో ఒకసారి, లినక్స్‌లోని పెర్ఫ్ స్టాట్ కమాండ్‌తో ఒకసారి తీయండి. రెండూ ఇంచుమించు ఒకటే రావాలి. తేడా ఎక్కువుంటే పాత కెర్నెల్‌తో బూట్ చేసి అక్కడా చూడండి. ఆ పని అయ్యేదాకా పాత కెర్నెల్‌ని తీసెయ్యకండి.