పాడే వరస నుంచి క్వయర్ ముందుకు

క్వయర్ (బృందగాన జట్టు) నడిపించాలనుకునేవాళ్లు ముందు కనీసం రెండేళ్లు అందులో నిలబడి పాడాలి. క్వయర్‌లో సాధారణంగా నాలుగు గొంతులుంటాయి: సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ల పై, కింది గొంతులు), టెనార్, బేస్ (మగవాళ్ల పై, కింది గొంతులు). వీలైతే ఆల్టోలోనో టెనార్‌లోనో. పాట అసలు వరస ఎక్కువగా సొప్రానోలదే కాబట్టి వాళ్లకు పక్కవాళ్లను వినే అవసరం అంతగా పడదు. మధ్య గొంతులవాళ్లు పైనా కిందా వింటేనే తమ స్వరం నిలుపుకోగలరు. ఆ చెవే తర్వాత పనికొస్తుంది.

ఈలోగా స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) నేర్చుకోండి, ఏబీఆర్‌ఎస్‌ఎం (బ్రిటన్ సంగీత పరీక్షల సంస్థ) 5వ గ్రేడు థియరీ స్థాయికి తగ్గకుండా. పియానో మీద నాలుగు గొంతులూ ఒకేసారి రాకపోయినా ఏ రెండైనా కలిపి వాయించగలగాలి.

కర్ణాటక సంగీతం నుంచి వచ్చినవాళ్లకు చిక్కంతా గమకంతోనే, అంటే స్వరాన్ని ఊపి పాడటంతోనే. మూడు గొంతులు కలిసి పలికేచోట గాంధారం ఊగితే మిగతావాళ్లకు ఆనుకునే చోటుండదు. అక్కడ స్వరం కదలకూడదు. గమకాన్ని ఒంటి గొంతు పాడే చోటికి ఉంచుకోండి. మన భాషల పాటలు బృందగానంగా ఎలా మారతాయో తెలియాలంటే, చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ స్థాపించిన మద్రాస్ యూత్ క్వయర్‌ను తప్పక వినాలి.

చేతి పని: నాలుగు దెబ్బల తాళానికి కుడిచెయ్యి కిందికి, ఎడమకు, కుడికి, పైకి. మొదటి దెబ్బకు ముందు దెబ్బలో చెయ్యి లేపుతూ మీరూ ఊపిరి పీల్చాలి, పాట వేగంలోనే. అది తడబడితే పాట మొదలే చెల్లాచెదురవుతుంది.

24 మందితో 90 నిమిషాల సాధనైతే గొంతు సవరించుకోవడానికి 10, విడివిడి గొంతులకు 25, కలిపి 40, ఆపకుండా పాడించడానికి 15 సరిపోతాయి.

శృతి జారడం అందరికీ ఎదురయ్యేదే. 440 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుతో (ఒకే స్థిర స్వరం పలికే లోహపు కవ్వంతో) మొదట్లోనూ చివర్లోనూ సరిచూడండి. ఒకే స్వరం పదేపదే వచ్చేచోట, స్వరాలు మెట్టుమెట్టుగా దిగేచోట జారుతుంది. దిగే మెట్టు చిన్నదిగా వేయమనండి. అయినా కుదరకపోతే పాటను అర స్వరం పైకి జరిపి చూడండి, చాలాసార్లు అదే నిలుస్తుంది. కీబోర్డు తోడిస్తే మాత్రం జబ్బు దాగుతుంది, పోదు.

తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, అది బృందగానానికి వరం. జాగ్రత్త పడాల్సింది సున్నాతోనే. ‘వందనం’లో చివరి ‘న’ను సాగదీసి, మీ చెయ్యి మూసినప్పుడే పెదవులు మూయాలి, ముందే మూస్తే నాదం చచ్చిపోతుంది. ‘ఎత్తు’లాంటి ద్విత్వం దగ్గర ఆగే క్షణం అందరికీ ఒకే కొలతలో ఉండాలి. పొడవైన స్వరాల్లో పక్కపక్కవాళ్లు ఒకేసారి ఊపిరి తీసుకోకుండా, అచ్చు మధ్యలో తీసుకోమనండి.

పేరున్న క్వయర్‌లో నేరుగా పగ్గాలు దొరకడం అరుదు. ముందు నాలుగింట్లో ఒక గొంతువాళ్ల బాధ్యత, ఆ తర్వాత సహాయకుడి స్థానం. ఎంపికలో సాధారణంగా మీరెలా పాడతారని కాదు, 15–20 నిమిషాలు సాధన ఎలా చేయిస్తారని చూస్తారు. తప్పెక్కడో, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పి మళ్లీ పాడించండి. రెండోసారి తేడా వినిపించాలి.