35 దాటినా ఫుట్‌బాల్ ఆడాలంటే: నార్డిక్ వ్యాయామం ఎలా చేయాలి?

మా అనంతపురంలో తెల్లవారుజామున గ్రౌండ్‌కు వచ్చే 35 దాటిన ఆటగాళ్లను ఎక్కువగా ఇంట్లో కూర్చోబెట్టేది మోకాలు కాదు, ఆయాసమూ కాదు. తొడ వెనక కండ, అదే హ్యామ్‌స్ట్రింగ్. బంతి కోసం జోరుగా పరుగెత్తుతున్న మనిషి ఎవరో రాయితో కొట్టినట్టు ఉలిక్కిపడి తొడ వెనక చెయ్యి వేసుకుంటాడు. రెండు అడుగులు కుంటి ఆగిపోతాడు. స్ప్రే కొట్టించుకుని, పది రోజులకే మళ్లీ వస్తాడు. మళ్లీ అక్కడే పోతుంది.

నాకు 36వ ఏట ఒకే సంవత్సరంలో రెండుసార్లు ఇలా జరిగింది. ఇప్పుడు 43. మోకాళ్ల మీద నిలబడి ఒంటిని నెమ్మదిగా ముందుకు వాల్చే నార్డిక్ వ్యాయామం మొదలుపెట్టాక ఆ కాలు మళ్లీ పట్టేయలేదు. అందుకే ఎవరైనా దీన్ని తప్పుగా చేస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

పెద్ద ఆటగాళ్ల సంగతే చూడండి. ర్యాన్ గిగ్స్ 1991లో మాంచెస్టర్ యునైటెడ్‌కు మొదటి మ్యాచ్ ఆడి, 2014లో 40 ఏళ్లకు ఆపాడు. కుర్రతనంలో ఆయన్ని పదే పదే వేధించింది ఈ కండే. యోగా వల్లే అన్నేళ్లు ఆడగలిగానని ఆయనే చెప్పుకున్నాడు. మన పక్కనే ఉన్న బెంగళూరు ఎఫ్‌సీకి సునీల్ ఛెత్రి 40 ఏళ్ల వయసులో 2024–25 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో 14 గోల్స్ కొట్టాడు. వయసు మీద పడేకొద్దీ ముందు తగ్గేది జోరు పరుగులో వాడే కండల బలమే. దాన్ని పట్టి ఉంచుకున్నవాడే నిలబడతాడు.

కావలసినవి: నాలుగు మడతలు వేసిన పాత బొంత, మడమలు పట్టుకోవడానికి ఒక మనిషి. అంతే. మన గ్రౌండ్ నేల గట్టిది కాబట్టి బొంత లేకుండా మోకాళ్లు ఆనించొద్దు. గాయాలు తగ్గించడానికి ఫిఫా తయారుచేయించిన ‘11+’ అనే వార్మప్‌లో ఈ వ్యాయామాన్ని ఆటకు ముందే పెట్టారు. నేను మాత్రం ప్రాక్టీస్ అయ్యాకే చేయిస్తాను. ఈ వయసులో అలసిన కండకే ఈ పని నేర్పాలి. మ్యాచ్ ముందు రోజు మాత్రం వద్దే వద్దు.

మొదటి పని: బొంత మీద మోకాళ్లు ఆనించి నిలబడండి. మోకాళ్ల మధ్య జానెడు ఎడం చాలు. చేతులు ఛాతీ ముందు, అరచేతులు ముందుకు.

రెండో పని: వెనక మనిషి మీ చీలమండలను రెండు చేతులతో నేలకు అదిమి, తన బరువంతా చేతుల మీద వేయాలి. చాలామంది పిక్కల మీద కూర్చుంటారు, అది తప్పు. పిక్క నలిగిపోతుంది, పైగా మడమ ఎప్పుడు లేస్తోందో వాళ్లకు తెలియదు.

మూడో పని కిందికి దిగడం. వ్యాయామమంతా ఇదే. ఇక్కడే పదిమందిలో తొమ్మిదిమంది చెడగొడతారు.

మోకాళ్ల నుంచి తల దాకా ఒంటిని ఒకే కర్రలా ఉంచి ముందుకు వాలాలి. బావిలోకి చేద దించేటప్పుడు తాడును ఒక్కసారిగా వదలం, పట్టి పట్టి వదులుతాం. తొడ వెనక కండ కూడా అలాగే సాగుతూ, సాగుతూనే బరువును ఆపుతూ రావాలి. పరుగులో కాలు ముందుకు విసిరి పాదం నేలను తాకబోయే క్షణంలో ఆ కండ చేసే పని అదే. అది చిరిగేదీ ఎక్కువగా అప్పుడే. అందుకే దిగడం నెమ్మదిగా ఉండాలి. మనసులో ఐదు లెక్కపెట్టండి. మూడుకే నేల మీద పడితే చేయనట్టే.

నడుము దగ్గర మడత పడనివ్వకండి. కొద్దిగా వాలగానే పిర్రలు వెనక్కి పోతాయి, నమస్కారం పెట్టినట్టు నడుము వంగుతుంది. అప్పుడు బరువు తొడ వెనక నుంచి తప్పుకుంటుంది. చేస్తున్నవాళ్లకు బాగానే చేస్తున్నాం అనిపిస్తుంది, కానీ కండకు ఏమీ అందదు. పిర్రలు బిగించి ఉంచితే ఈ తప్పు జరగదు. మీకు మీరు చూసుకోలేరు కాబట్టి పక్కన ఒకరిని నిలబెట్టి చూడమనండి.

సగం దూరం దిగేసరికి తొడలు వణుకుతాయి. వెనక మనిషి చేతుల కింద మడమలు పైకి తన్నుకొస్తాయి. వదిలేయాలనిపించేది అక్కడే. అక్కడ ఇంకో రెండు లెక్కలు ఆగగలిగితే ఆ రోజు పని అయినట్టు. ఊపిరి బిగబట్టకండి. ఇక ఆపలేమన్నప్పుడు అరచేతుల మీద పడండి. మొహం పక్కకు తిప్పొద్దు, మెడ పట్టేస్తుంది.

పైకి లేవడానికి కాళ్ల బలం వాడొద్దు. చేతులతో నేలను నెట్టి లేవండి. లేవడంలో గొప్ప చూపిద్దామనుకున్నవాళ్లకే కండ పట్టేస్తుంది.

జిమ్‌లో బోర్లా పడుకుని మెషీన్ మీద కాలు మడిచేవాళ్లు అదే చాలంటారు. చాలదు. అందులో కాలు మడిచేటప్పుడే బలం పెట్టి, దించేటప్పుడు బరువును వదిలేస్తారు. వంగి కాలివేళ్లు పట్టుకోవడం మంచిదే కానీ, సాగుతూ బరువు ఆపడం అది నేర్పదు. 2011లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో 942 మంది ఆటగాళ్లను రెండు గుంపులు చేసి చూస్తే, ఈ వ్యాయామం చేసిన గుంపులో 15 హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు, చేయని గుంపులో 52 తేలాయి. ఇంకేం కావాలి?

అక్కడ పాటించిన లెక్క 10 వారాలది. మొదటి వారం ఒక్క రోజే, ఐదేసి చొప్పున రెండు సెట్లు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి రెండు సెట్లు. మూడో వారం నుంచి మూడు రోజులు, మూడు సెట్లు, సెట్టుకు 6 నుంచి 8 సార్లు. నాలుగో వారం సెట్టుకు 8 నుంచి 10. ఐదో వారం నుంచి మూడు సెట్లలో వరుసగా 12, 10, 8 సార్లు. మన వయసుకు మూడు రోజులు ఎక్కువ, రెండే చేయండి. పది వారాలయ్యాక వారానికి ఒకసారి చాలు.

మొదటి రెండు వారాలు నొప్పి ఉంటుంది. మర్నాడు బూటు లేసు కట్టుకోవడానికి వంగితే తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో తగ్గే ఆ బరువు నొప్పికి భయపడక్కర్లేదు. సూదితో పొడిచినట్టు ఒకే చోట చుళుక్కుమంటే మాత్రం వెంటనే ఆపేయండి. ఇప్పటికే కండ చిరిగి, తొడ వెనక నల్లగా కమిలి ఉంటే మొదలే పెట్టొద్దు. ముందు ఫిజియోకు చూపించండి.

నిద్ర, నీళ్లు, తిండి గురించి మీకు తెలియనిది లేదు. ఎండ ముదిరేలోపే ముగించి, ఇంటికెళ్లి ఉగ్గాని తినండి.

మే నెల ఎండలకు ఆట ఆపేసినా దీన్ని ఆపకండి. ఇంట్లో ఎవరినైనా మడమలు పట్టుకోమనండి. నాకు పదో తరగతి చదివే మా అబ్బాయి పట్టుకుంటాడు. మడమ లేస్తే చెప్పమని, నా నడుము వంగితే గట్టిగా ఒక దెబ్బ వేయమని వాడికి ముందే చెప్పి ఉంచాను.