పాత కథలో నిప్పు ప్రాణి కనిపిస్తే

ముందు ఒక్కటి చూడండి: అది నిప్పులో బతుకుతోందా, నిప్పుతో పుట్టిందా? మంటలోనే కాపురముంటే సాలమాండర్ (అసలు ఈ పేరు బల్లిలా ఉండే ఒక ఉభయచరానిది). పొగలేని మంటతో పుట్టి, మనలాగే పెళ్లాం పిల్లలతో తిరుగుతుంటే అరబ్బు కథల్లోని జిన్. 19వ శతాబ్దపు మాంత్రికులు రెండింటినీ కలిపేసి, సాలమాండర్లకు జిన్ అనే రాజును పెట్టారు. ఆ గందరగోళం మనకొద్దు.

తర్వాత కాలం. రాత స్విస్ వైద్యుడు, రసవాది పారాసెల్సస్ (1493–1541) కంటే పాతదైతే అందులోని సాలమాండర్ సాధారణంగా నిప్పు భూతం కాదు, జంతువే. మంచుగడ్డలా తాకి నిప్పార్పేస్తుందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. పారాసెల్సస్ దాన్ని మనిషి పోలికలున్న, సన్నగా పొడుగ్గా ఉండే, ఆత్మ లేని జీవిగా మార్చాడు. మనుషులతో పెద్దగా కలవదట. మంటతో కాపురమంటే మరి అంతేగా!

"కళ్లారా చూశాను" అంటే అసలు పని మొదలు. ఇటలీ శిల్పి చెల్లినీ ఐదేళ్లప్పుడు పొయ్యిలో బల్లిలాంటిది చూశాడట. గుర్తుండాలని నాన్న అతని చెంప పగలగొట్టి, ఏడుపు మాన్పించి, చేతిలో డబ్బులు పెట్టాడు. నేనైతే నమ్ముతాను. నిజం సాలమాండర్లు తడి దుంగల కింద, బెరడు సందుల్లో దాక్కుంటాయి. దుంగ పొయ్యిలో పడితే బయటికి పాకుతాయి. అందుకే సాక్షిని అబద్ధాలకోరు అనేముందు, ఆ కట్టె ఎక్కడిదో వెతకండి.