హైబర్నేట్ ఎంటిటీలకు బైట్‌కోడ్ ఎన్‌హాన్స్‌మెంట్ ఎలా పెట్టాలి?

జావా క్లాసులను డేటాబేస్ టేబుళ్లతో కలిపే లైబ్రరీ హైబర్నేట్, అలా టేబుల్‌కు కలిపిన క్లాసు ఎంటిటీ. అమీర్‌పేటలో జావా నేర్చుకుని మాదాపూర్‌లో చేరిన కొత్తవాళ్లు ఈ చిక్కులో పడుతుంటారు. స్టూడెంట్ క్లాసులో ఫోటో ఫీల్డుకు బేసిక్ యానోటేషన్‌తో లేజీ (అవసరమైనప్పుడే తెచ్చుకో) అని రాసే ఉంటుంది. అయినా జాబితా తెరిస్తే ప్రతి వరుసతో పాటు ఫోటో కూడా వచ్చేస్తుంది. మామూలు ఫీల్డుకు లేజీ అనేది సూచన మాత్రమే. బైట్‌కోడ్‌ను, అంటే కంపైల్ అయిన క్లాసు కోడ్‌ను, మార్చకపోతే (ఈ మార్పే ఎన్‌హాన్స్‌మెంట్) హైబర్నేట్ దాన్ని పట్టించుకోదు, ఎర్రర్ కూడా ఇవ్వదు.

1. ముందు మేవెన్ (బిల్డ్ టూల్) పామ్ ఫైల్లో, బిల్డ్ కింద హైబర్నేట్ ఎన్‌హాన్స్ మేవెన్ ప్లగిన్ చేర్చండి. హైబర్నేట్ 6 వరకు ఇదే పేరు, 7లో హైబర్నేట్ మేవెన్ ప్లగిన్ అయింది. వెర్షన్ మాత్రం మీ హైబర్నేట్ కోర్ వెర్షనే ఉండాలి. స్ప్రింగ్ బూట్ పేరెంట్ వాడుతుంటే హైబర్నేట్ వెర్షన్ ప్రాపర్టీనే ఇక్కడా ఇవ్వండి, అప్‌గ్రేడ్ చేసినప్పుడు రెండూ కలిసి మారతాయి.

2. ఎగ్జిక్యూషన్‌లో ఎన్‌హాన్స్ అనే గోల్ రాసి, ఎనేబుల్ లేజీ ఇనిషియలైజేషన్‌ను ట్రూ చేయండి. ఒకే సెషన్‌లో (డేటాబేస్‌తో హైబర్నేట్ పని చేసే వ్యవధి) వందల ఎంటిటీలు ఉండే పనులుంటే, ఏ ఫీల్డు మారిందో ఎంటిటీయే గుర్తుపెట్టుకునే డర్టీ ట్రాకింగ్ కూడా పెట్టుకోండి. రెండు ఎంటిటీల మధ్య సంబంధాన్ని రెండువైపులా తానే సరిచేసే అసోసియేషన్ మేనేజ్‌మెంట్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

ప్లగిన్ ఎంటిటీలున్న మాడ్యూల్లోనే ఉండాలి. వెబ్ మాడ్యూల్లో పెడితే, పక్క మాడ్యూల్ నుంచి జార్‌గా వచ్చే క్లాసులను అది ముట్టుకోదు.

3. క్లీన్ చేసి మళ్లీ కంపైల్ చేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అసలు చూడాల్సింది దీని తర్వాతే. టార్గెట్ ఫోల్డరులోని స్టూడెంట్ క్లాసు మీద జావాప్‌ను (క్లాసు ఫైల్లో ఏముందో చూపే జేడీకే టూల్) మైనస్ పి ఆప్షన్‌తో నడపండి. రెండు డాలర్ గుర్తులు, అండర్‌స్కోర్, హైబర్నేట్ అని మొదలయ్యే మెథడ్లు కనిపిస్తే క్లాసు మారినట్టే. తర్వాత ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి జాబితా తెరవండి, సెలెక్ట్‌లో ఫోటో కాలమ్ ఉండకూడదు.

టెర్మినల్లో సరిగ్గా ఉండి ఇంటెల్లిజేలో రన్ చేస్తే ఫోటో మళ్లీ వస్తోందా? ఇంటెల్లిజే సొంతంగా కంపైల్ చేసినప్పుడు ఈ ప్లగిన్ నడవదు. సెట్టింగ్స్‌లో బిల్డ్, రన్ పనులను మేవెన్‌కు అప్పగించండి.

లేజీ ఫీల్డులు రెండు మూడుంటే, ఒకదాన్ని తాకగానే అన్నీ కలిసి వస్తాయి. ఫోటో, మార్కుల మెమో విడివిడిగా రావాలంటే లేజీ గ్రూప్ యానోటేషన్‌తో వేర్వేరు గ్రూపుల్లో పెట్టండి. గెటర్లు, టు స్ట్రింగ్ లాంటివి తానే రాసిపెట్టే లాంబాక్ లైబ్రరీ డేటా యానోటేషన్ ఉంటే టు స్ట్రింగ్ కూడా ఫోటోను తాకుతుంది, అప్పటికి సెషన్ మూసేసి ఉంటే లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. ఆ ఫీల్డును టు స్ట్రింగ్, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ మూడింటి నుంచీ తీసేయండి.