బేయూ ఒడ్డున అకేడియన్ బంధువుల కలయిక: ఒక కోడలి సలహాలు

ముందు తేదీ తేల్చండి. మా అత్తవారిది అమెరికాలోని లూయిజియానాలో బేయూ టెష్ (బేయూ అంటే నెమ్మదిగా పారే వాగు) ఒడ్డున ఉన్న కుటుంబం. క్రాఫిష్ (రొయ్యల్లాంటి మంచినీటి జీవులు) ఉడకనిదే అక్కడ కలయిక కాదు. అవి వసంతంలో బాగా దొరుకుతాయి, జూన్ 1 నుంచి తుపానుల కాలం. అందుకే నా ఓటు ఏప్రిల్‌కే.

పిలుపుల జాబితాతోనే అసలు తలనొప్పి. 1755లో బ్రిటిష్ వారు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా నుంచి వెళ్లగొట్టడం మొదలుపెట్టిన అకేడియన్ల, అంటే అక్కడ స్థిరపడిన ఫ్రెంచ్ వారి, సంతతి వీళ్లు. ఎటు చూసినా లాండ్రీ, బ్రూసార్డ్ అనే ఇంటిపేర్లే. ఏ ముత్తాత శాఖో రాసి, శాఖకొక రంగు చీటీ చొక్కాకు అంటించండి. హెబర్ట్ అని రాసి ఉన్నా ఎబేర్ అని పిలవాలి, లేకపోతే నవ్వుతారు.

మనిషికి 3 నుంచి 5 పౌండ్ల క్రాఫిష్ లెక్కేయండి. బతికున్నవాటిని కడిగి, చచ్చినవి ఏరేయండి. ఉడికాక మంట ఆపి, అదే నీళ్లలో నాననివ్వాలి. కారం లోపలికి దిగేది అప్పుడే. ఒకసారి నేను తొందరపడి తీసేశాను. మామగారు తిన్నారు, మాట్లాడలేదు.

మర్నాడు పెద్దవాళ్లను సెయింట్ మార్టిన్‌విల్‌లోని అకేడియన్ మెమోరియల్‌కు తీసుకెళ్లండి. అక్కడి గోడ మీద తొలితరం పేర్లుంటాయి. మా అత్తగారు తమ ఇంటిపేరు మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.